అమానత్ వెళ్లే దారికీ కాపలా కావాలి

మదనపల్లె నుంచి కదిరికి వెళ్లే దారిలో అంగళ్లు వస్తుంది. టమోటా మండీ ఒకటి, ఇంజనీరింగ్ కళాశాల ఒకటి, ఊరికి ఈ రెండూ గుర్తులు. ఆ ఊళ్లో ఒక ఇంటి ముందుగదిలో, ఒక ఆదివారం జొహర్ నమాజు తర్వాత మేము పదిమందిమి కూర్చున్నాం. మాలో ముగ్గురు ఈ ప్రాంతపు అంజుమన్ ఒకదానికి బాధ్యులు. మిగిలినవారు కంప్యూటర్ విద్య చదువుతున్న పిల్లలు. ఇద్దరు అమ్మాయిలు తమ తండ్రులతో కలిసి వచ్చారు.

ఆ అంజుమన్‌కు ఒక వెబ్‌సైట్ ఉంది. ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తులు, జమాఖర్చుల పట్టికలు, స్థలాల పత్రాల నకళ్లు కార్యదర్శి తన ల్యాప్‌టాప్ నుంచే సర్వరుకు పంపుతుంటారు. ఆరోజు ఒక ఖాళీ దరఖాస్తు ఫారాన్ని ఎప్పటిలాగే పంపమని ఆయనను కోరాం. ఆయన ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఇచ్చింది ఒక విద్యార్థి కంప్యూటర్. అందరి అనుమతితోనే ఆ అబ్బాయి తన కంప్యూటర్ గుండా పోతున్న సమాచారాన్ని తెరమీద చూపించాడు. మొదటి వరుసలో అంజుమన్ యూజర్ పేరు కనిపించింది. రెండో వరుసలో పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా. మరుక్షణం ఆ ఖాళీ ఫారం కూడా మా కళ్లముందు తెరుచుకుంది. తాళం పగలగొట్టింది లేదు, దొంగ సాధనం వాడింది లేదు. కార్డుముక్క మీద రాసిన ఉత్తరాన్ని దారిలో ఎవరైనా చదవగలిగినట్లే ఇదీ జరిగింది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక అమ్మాయి అధ్యక్షుల వారిని అడిగింది: “చాచా, పోయినేడు మా దరఖాస్తులు కూడా ఈ దారినే పోయాయా?”

ఆయన కార్యదర్శి వంక చూశారు. కార్యదర్శి తల దించుకుని, “పోయాయి బేటీ. ఏడేళ్లుగా ఈ దారినే పంపుతున్నాం” అన్నారు.

ఆ జవాబు ఆ ఒక్క అంజుమన్‌ది మాత్రమే కాదు. వెబ్‌సైట్ పెట్టుకున్న మన మస్జిద్ కమిటీలు, మదర్సాలు, విద్యాసంఘాలు, వివాహ సమాచార కేంద్రాలు ఎన్నో ఇదే జవాబు చెప్పవలసిన స్థితిలో ఉన్నాయి. వీటిని నడుపుతున్నవారిలో చెడ్డ ఉద్దేశం లేదు. సమాజం తమ చేతికిచ్చిన కాగితాలు అమానత్ అని వారికి తెలుసు. బీరువాకు తాళం వేస్తారు, తాళంచెవిని జేబులో పెట్టుకుంటారు. అయితే కంప్యూటర్ నుంచి సర్వరు దాకా ఆ కాగితం ఏ దారిన వెళ్తున్నదో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దారికి కాపలా పెట్టడం ఖర్చులేని పని, ఒక సాయంత్రంలో పూర్తయ్యే పని. అందువల్ల దానిని ఇక వాయిదా వేయడం తగదని మా అభిప్రాయం.

తలుపులకు గొళ్లెం లేని కాలం

ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పంపే ఈ పాత పద్ధతి పేరు ఎఫ్‌టీపీ. దాని తొలి ముసాయిదాను 1971 ఏప్రిల్‌లో రాసినవాడు భారతీయుడే. కాన్పూర్ ఐఐటీ తొలి బృందంలో చదువుకుని, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల కంప్యూటర్లు. అందరూ అందరికీ తెలిసినవారే. ఇరుగుపొరుగంతా బంధువులైన పల్లెలో పగలు తలుపులకు గొళ్లెం పెట్టనట్లే, ఆ పద్ధతిలో పాస్‌వర్డ్‌ను దాచి పంపే ఏర్పాటు లేదు. అది ఆ కాలానికి తప్పు కాదు. కానీ ఆ పల్లె తర్వాత ప్రపంచమంత అయింది. గొళ్లెం లేని తలుపు మాత్రం అలాగే మిగిలింది.

1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో, నెట్‌వర్క్ మీద పోతున్న పాస్‌వర్డులను ఎవరో దొంగచాటుగా పోగుచేసుకున్న సంగతి బయటపడింది. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్ఎస్‌హెచ్ అనే పద్ధతిని రూపొందించి, అదే ఏడాది లోకానికి ఉచితంగా ఇచ్చాడు. కంప్యూటర్‌లోని ప్రతి సేవకూ ఒక వాకిలి సంఖ్య ఉంటుంది. ఎఫ్‌టీపీది 21, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే పాత టెల్‌నెట్‌ది 23. ఈ రెండింటికీ బదులుగా నిలవవలసిన తన పద్ధతికి మధ్యనున్న 22ను కేటాయించమని ఆయన కోరగా, అలాగే ఇచ్చారు. 1999 నుంచి ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ అనే ఉచిత రూపం కూడా అందుబాటులో ఉంది. నేడు ఎస్ఎస్‌హెచ్ వాడే సర్వర్లలో అత్యధిక భాగం ఈ రూపాన్నే వాడుతున్నాయి.

ఎస్ఎస్‌హెచ్ చేసే పనిని సొరంగంతో పోల్చడం వాడుక. మన కంప్యూటర్‌లోనే సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చుతుంది. దారిపొడవునా అది అర్థంకాని అక్షరాల రాశిగానే పోతుంది. సర్వరు చేరాక మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. మధ్యలో నెట్ సెంటర్ రూటర్ ఉన్నా, బస్టాండు వైఫై ఉన్నా, పరాయివాడి కంప్యూటర్ ఉన్నా, ఏ సర్వరుకు ఎంత సమాచారం పోయిందన్నదే వారికి తెలుస్తుంది తప్ప ఏం పోయిందో తెలియదు. అంగళ్లులో ఆరోజు రెండోసారి ఈ దారిన అదే ఫారాన్ని పంపించాం. తెరమీద అక్షరాల చెత్త తప్ప మరేమీ కనబడలేదు. కార్యదర్శి దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నారు.

ఎవరి కాగితాలు ఇవి?

“మాది చిన్న సంఘం, మా దగ్గర దొంగిలించడానికి ఏముంది?” అని అడిగేవారు ప్రతి సభలోనూ ఉంటారు. ఇంటర్నెట్‌లో తలుపులు తట్టేది మనిషి కాదు, యంత్రం. అది పెద్ద సంస్థ, చిన్న సంస్థ అని చూడదు. రాత్రింబవళ్లు వరుసగా సర్వర్ల వాకిళ్లు తడుతూ, తెరుచుకున్నదానిలోకి దూరుతుంది. ఇక మన దగ్గర ఏముందన్న ప్రశ్నకు జవాబు మన ఫోల్డర్లలోనే ఉంది. ఆడపిల్లల ఫోటోలు, ఇంటి చిరునామాలు, ఆధార్ నకళ్లు, వితంతువుల పింఛను వివరాలు, నికాహ్‌నామాలు, వక్ఫ్ స్థలాల దస్తావేజులు అన్నీ అక్కడే ఉన్నాయి.

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’ పేరుతోనూ, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరుతోనూ ముస్లిం స్త్రీల ఫోటోలను వేలానికి పెట్టినట్లు చూపిన దుర్మార్గాన్ని మన కుటుంబాలు మరువలేదు. ఆ ఫోటోలను సామాజిక మాధ్యమాల నుంచి ఎత్తుకెళ్లారు. దారిలో దోచినవి కావు. అయినా ఒక ఫోటో దురుద్దేశం గలవారి చేతికి చిక్కితే ఏం జరుగుతుందో ఆ ఘటనలు చూపాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఫోటోతో పాటు ఊరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు కూడా ఉంటాయి. ఆ అమ్మాయి తన ఫోటోను లోకానికి చూపమని ఇవ్వలేదు, చదువుకోసం మనల్ని నమ్మి ఇచ్చింది.

కాగితాలను కంప్యూటర్‌కు ఎక్కించడమే మానేద్దామా అంటే, అదీ పరిష్కారం కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. దర్యాప్తు సీఐడీ దాకా వెళ్లింది. కాగితం ఒక్కచోటే ఉంటే ఒక్క రాత్రిలో బూడిద కాగలదని ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. నకలు మరొకచోట ఉండాలి. ఆ నకలు భద్రంగా చేరాలి కూడా.

వక్ఫ్ ఆస్తుల విషయంలో ఇది మరింత స్పష్టంగా తెలిసింది. 2025 జూన్ 6న కేంద్రం ‘ఉమీద్’ పోర్టల్‌ను ప్రారంభించి, ఆరు నెలల్లో వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఎక్కించాలన్నది. గడువు పొడిగింపునకు డిసెంబరు 1న సుప్రీంకోర్టు నిరాకరిస్తూ, అవసరమైనవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునన్నది. డిసెంబరు 6న గడువు ముగిసే నాటికి ఐదు లక్షలకు పైగా ఆస్తుల నమోదు మొదలైనా, ఆమోదం పొందినవి రెండు లక్షల పైచిలుకే. ఆ చట్టం మీద మన అభ్యంతరాలు వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. ఆ హడావుడిలో ముతవల్లీలు పాత దస్తావేజులను ఫోన్లో ఫోటో తీసి, నలుగురికి వాట్సాప్‌లో పంపి, నెట్ సెంటర్ కంప్యూటర్‌లోకి దించి, అక్కడి నుంచి ఎక్కించారు. పోర్టల్ వరకూ పోయే చివరి దారి భద్రమైనదే కావచ్చు. కానీ నెట్ సెంటర్ డెస్క్‌టాప్ మీద ఆ నకళ్లు మిగిలిపోలేదని ఎంతమంది చెప్పగలరు?

ఒక సాయంత్రం పని

ఈ మార్పుకు నిపుణుడిని ఊరు కాని ఊరు నుంచి పిలిపించనవసరం లేదు. అంగళ్లులో ఆ పిల్లలు చేసిన క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాం.

మొదట వెబ్‌సైట్‌కు చోటిచ్చిన సంస్థకు ఫోన్ చేసి, “మీ దగ్గర ఎస్ఎఫ్‌టీపీ సౌకర్యం ఉందా?” అని అడగాలి. ఎస్ఎఫ్‌టీపీ అంటే ఎస్ఎస్‌హెచ్ సొరంగంలోనే ఫైళ్లు పంపే పద్ధతి. లేదంటే, టీఎల్‌ఎస్ రక్షణతో కూడిన ఎఫ్‌టీపీ అయినా ఉందా అని అడగాలి. రెండూ లేవంటే ఆ సంస్థను మార్చుకోవాలి. 2021లోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు పాత ఎఫ్‌టీపీకి స్వస్తి చెప్పాయి. ఇంకా దాన్నే అంటిపెట్టుకున్న సంస్థ మన అమానత్‌కు తగిన చోటు కాదు.

రెండవది, ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో పద్ధతిని మార్చాలి. ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ రెండూ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఎఫ్‌టీపీకి బదులు ఎస్ఎఫ్‌టీపీని ఎంచుకుంటే చాలు, వాకిలి సంఖ్య సాధారణంగా 22 అవుతుంది.

మూడవది, అందరూ తొందరపడి దాటేసే మెట్టు. మొదటిసారి సర్వరును కలిసినప్పుడు దాని ‘వేలిముద్ర’గా ఒక పొడవాటి అక్షరాల వరుసను తెరమీద చూపి, నమ్మవచ్చునా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. చాలామంది చదవకుండానే అవునని నొక్కుతారు. సర్వరు వేషంలో మరొకడు మధ్యలో కూర్చుంటే పట్టుకునే తావు ఇదే. సంస్థ ఇచ్చిన నియంత్రణ పేజీలోని వేలిముద్రతో దాన్ని సరిపోల్చాలి, లేదా ఫోన్లో అడిగి చూసుకోవాలి. తర్వాత ఎప్పుడైనా ఆ వేలిముద్ర మారిందని హెచ్చరిక వస్తే పని ఆపి కారణం తెలుసుకోవాలి.

నాలుగవది, పాస్‌వర్డ్ స్థానంలో తాళంచెవుల జంట. కంప్యూటరే ఒక జంటను తయారుచేస్తుంది. అందులో ఒకటి బహిరంగమైనది, సర్వరులో ఉంచాలి. రెండవది రహస్యమైనది, మన కంప్యూటర్ దాటి పోకూడదు, దానికీ ఒక రహస్య వాక్యం పెట్టుకోవాలి. మన సంఘాలకు ఇందులో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. కమిటీలు మారుతుంటాయి. పాత కార్యదర్శి దిగిపోయినా పాస్‌వర్డ్ ఆయన ఫోన్లోనే ఉంటుంది. ఆయన అల్లుడికీ, నెట్ సెంటర్ కుర్రాడికీ కూడా తెలిసే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క తాళంచెవి ఉంటే, దిగిపోయినవారి చెవిని సర్వరు నుంచి తీసేస్తే సరిపోతుంది. ఎవరినీ అనుమానించిన మాట ఉండదు, మనస్పర్థలు రావు.

చివరగా, పాత ఎఫ్‌టీపీ వాకిలిని మూయించాలి. ఇన్నాళ్లూ బహిరంగంగా తిరిగిన పాస్‌వర్డ్‌ను మార్చాలి. కొత్త తలుపు పెట్టి పాతదాన్ని తెరిచే ఉంచితే చేసిన పనంతా వృథా.

కొందరి దగ్గర ఎఫ్‌టీపీ తప్ప మరో పద్ధతి తెలియని పాత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అటువంటివారు ఎస్ఎస్‌హెచ్ చేత తమ కంప్యూటర్‌లోనే ఒక వాకిలి తెరిపించి, అందులో వేసినదంతా సర్వరులోని 21వ వాకిలికి సొరంగం ద్వారా చేరేట్లు అమర్చుకుంటారు. ఇందులో ఒక చిక్కుంది. ఎఫ్‌టీపీ ఒక దారిన ఆజ్ఞలను, మరొక దారిన ఫైళ్లను పంపుతుంది. సొరంగం కట్టింది మొదటి దారికే కనుక పాస్‌వర్డ్ భద్రమవుతుంది, ఫైళ్లు మాత్రం బయట దారినే బహిరంగంగా పోవచ్చు. పైగా సొరంగం ఆగేచోటు, వెబ్‌సైట్ ఉన్న సర్వరు వేర్వేరు కంప్యూటర్లయితే, ఆ రెండింటి నడుమ రక్షణ ఉండదు. భద్రంగా ఉన్నామన్న భ్రమ అసలు భద్రత లేకపోవడం కన్నా ప్రమాదకరం. కాబట్టి వీలైనంతవరకు నేరుగా ఎస్ఎఫ్‌టీపీకే మారాలని మా సలహా.

సొరంగం దాటిన తర్వాత

దారి ఒక్కటే బాగుపడితే చాలదు. టమోటా బాక్సులను లారీలో టార్పాలిన్ కప్పి భద్రంగా తెచ్చి, మండీలో కాక నడిరోడ్డున దించితే ఏం లాభం? వెబ్‌సైట్‌లో లోకమంతా చూసే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. దరఖాస్తులను అందులో పడేస్తే, ఎంత గట్టి సొరంగంలో తెచ్చినా, లంకె తెలిసిన ఎవరైనా వాటిని దించుకోగలరు. ఎవరికీ కనబడవలసిన పని లేని కాగితాలు ఆ ఫోల్డర్‌కు వెలుపల ఉండాలి. అవసరం తీరాక వాటిని తొలగించాలి. అవి లేకుండానే పని జరిగితే అసలు అడగనే కూడదు. అంజుమన్ బాధ్యులు ఆరోజు తమ ఫారం తిరగేసి చూసుకున్నారు. స్కాలర్‌షిప్‌కు పాస్‌పోర్టు ఫోటో ఎందుకు అడుగుతున్నారో వారికే గుర్తులేదు. ఆ గడిని అక్కడికక్కడే కొట్టివేశారు.

చట్టం కూడా మనల్ని ఈ వైపుకే నడిపిస్తున్నది. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలులోకి వస్తాయి. ఇతరుల సమాచారాన్ని చేతిలో ఉంచుకున్నవారు తగిన రక్షణ చర్యలు తీసుకోవాలని ఆ చట్టం చెబుతుంది, విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. మన సంఘాల మీదికి నోటీసు వచ్చాక మేల్కొనడం కన్నా ముందే సర్దుకోవడం గౌరవప్రదం.

మరొక భయం మనవారిలో ఉంది. దాన్ని బయటికి అనరు. “గుప్తలిపి వాడితే మనల్ని అనుమానిస్తారేమో” అన్నది ఆ భయం. ఆ గదిలో కూడా ఒక పెద్దాయన గొంతు తగ్గించి ఇదే అడిగారు. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు, దానిని తేలికగా తీసివేయం. అయినా ఒక్క మాట. బ్యాంకు యాప్‌లో డబ్బు పంపినప్పుడు, రైలు టికెట్ కొన్నప్పుడు, ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టినప్పుడు ఇదే గుప్తలిపి పనిచేస్తున్నది. మన సొంత సర్వరుకు మన సొంత కాగితాలను భద్రంగా పంపుకోవడం దాపరికం కాదు. ఇంటికి తలుపు పెట్టుకున్నవాడిని ఏం దాస్తున్నావని ఎవరూ అడగరు. జమాఖర్చులు అందరికీ కనబడాలి, అమ్మాయిల చిరునామాలు కనబడకూడదు. ఈ రెండింటినీ వేరు చేయగలిగిన సంఘమే సమాజానికి జవాబుదారీగా నిలుస్తుంది.

ప్రభుత్వాన్ని కూడా అడగవలసింది ఉంది. పోర్టళ్లు తెరిచి గడువులు పెట్టే ముందు, కాగితాన్ని భద్రంగా స్కాన్ చేసి పంపే చోటును ప్రతి మండలంలోనూ చూపాలి. మైనారిటీ సంక్షేమ శాఖ, వక్ఫ్ బోర్డు తమ పరిధిలోని కమిటీలకు ఈ శిక్షణ ఇవ్వాలి. సర్వర్ల గురించి ఏమీ తెలియని ముతవల్లీని నెట్ సెంటర్‌కు వదిలేసి, తర్వాత పత్రం పోయిందని అతణ్ణే నిందించడం న్యాయం కాదు.

అయితే ప్రభుత్వం వచ్చేదాకా ఆగనక్కరలేదు. అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎక్కడ చూసినా మన ఇళ్లలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలున్నారు. వచ్చే కమిటీ సమావేశంలో కార్యసూచికలో ఈ అంశాన్ని ఒక వరుసగా చేర్చండి. వెబ్‌సైట్‌కు ఫైళ్లు ఏ పద్ధతిలో పోతున్నాయి? పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? లోకానికి కనబడే ఫోల్డర్‌లో ఏమేమి ఉన్నాయి? ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను మినిట్స్ పుస్తకంలో రాయించండి. జవాబు చెప్పలేకపోతే సిగ్గుపడనక్కరలేదు, ఆ సాయంత్రమే పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టండి.

ఆ ఆదివారం మగ్రిబ్ వేళకు అంజుమన్ వెబ్‌సైట్‌కు కొత్త దారి సిద్ధమైంది. తాళంచెవులు మూడు తయారయ్యాయి. ఒకటి కార్యదర్శికి, ఒకటి కోశాధికారికి ఇచ్చారు. మూడవది ఎవరికివ్వాలని చర్చ వచ్చినప్పుడు, ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి వైపు అధ్యక్షుల వారు చూపారు. “ఈ కాగితాలు ఆమెవి. కాపలా కూడా ఆమె చూసుకుంటుంది” అన్నారు. ఆమె తండ్రి ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్‌ను కూతురి ముందుకు జరిపారు.